ఆడినవాడే వ్యాఖ్యాత అయినప్పుడు

కావ్యానికి వ్యాఖ్యానం రాసేవాడు సాధారణంగా కవి కాడు. కాళిదాసు రాశాడు, మల్లినాథసూరి వివరించాడు. చదరంగంలో మాత్రం ఆడినవాడే తన ఆటకు వ్యాఖ్య రాసుకునే సంప్రదాయం బలంగా ఉంది. ప్రపంచ విజేతలు తమ ఆటలను ఎత్తు ఎత్తుకూ వివరిస్తూ రాసిన పుస్తకాలే ఎన్నో తరాలకు పాఠ్యగ్రంథాలయ్యాయి. అయితే వీటిని చదివేవారు ఎత్తులు చూస్తారే గాని వాక్యాలను పట్టించుకోరు. మేము ఇక్కడ వాక్యాల సంగతే ఎత్తుకుంటున్నాము.

1927లో ప్రపంచ విజేత అయిన అలెఖిన్ వ్యాఖ్యలు చదువుతుంటే గెలుపు మొదటినుంచీ ఆయన చేతిలోనే ఉన్నట్టు తోస్తుంది. కథ తెలిసినవాడు చెప్పే కథ అది. 1915లో మాస్కోలో గ్రిగోరియెవ్‌తో ఆడినట్టు ఆయన ప్రకటించిన ఆటలో బల్లమీద ఏకంగా ఐదుగురు మంత్రులు కనిపిస్తారు. నిజానికి ఆ ఆటలో ఆయన ఆడింది నల్లపావులతో. ఐదుగురు మంత్రుల ఘట్టం విశ్లేషణలో పుట్టినదేనని చరిత్రకారులు తేల్చారు. కల్పన ఎంత అందమైనదైనా నేర్చుకునేవాడికి దాన్ని జరిగిన ఆటగా చూపడం న్యాయం కాదు.

1960లో బొత్విన్నిక్‌ను ఓడించిన తాల్ ఆ పోటీ గురించి రాసిన పుస్తకం దీనికి పూర్తిగా భిన్నం. ఆరవ ఆటలో ఆయన గుర్రాన్ని బలి ఇచ్చాడు. హాలులో ఎంత గోల లేచిందంటే ఆటను లోపలి గదికి మార్చవలసి వచ్చింది. ఆ బలిలోని లోపాలు తరువాతి విశ్లేషణలో బయటపడ్డాయి. అయినా ఆ పుస్తకం విలువ తగ్గలేదు. ఆ క్షణాన తన మనసులో ఏముందో, ఎక్కడ లెక్క తెగలేదో తాల్ దాచకుండా చెప్పాడు. సరైన ఎత్తు ఏదో ఈనాడు చేతిలోని ఫోనే చెప్పగలదు. మనిషి దాన్ని ఎలా వెతికాడో అది చెప్పదు. మా దృష్టిలో వ్యాఖ్య అవసరం అక్కడే ఉంది.

అందుకే తరువాతి ఎత్తును కాగితంతో మూసి, తానైతే ఏమి ఆడేవాడో, ఎందుకో రాసుకొని, అప్పుడే విజేత మాట చదవాలనే పాత పద్ధతి నేటికీ మంచిదే.

ఇక మన ఇబ్బంది. ధర్మపురి, హోసూరు ప్రాంతాల తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు చదరంగంలో మంత్రి అంటే రాణి. తమిళంలో మందిరి అంటే బిషప్. మొదటిదాని విలువ సుమారు తొమ్మిది బంట్లు, రెండవదానిది మూడు. 'మంత్రిని బలి ఇచ్చాడు' అన్న తెలుగు వాక్యాన్ని ధర్మపురి పిల్లవాడు చదివితే మహాసాహసం కాస్తా మామూలు సంగతి అయిపోతుంది! ఆనంద్ తన ఉత్తమ క్రీడల పుస్తకాన్ని 1998లో ఇంగ్లీషులో వెలువరించాడు. దాన్ని తెలుగు చేయబూనినవారికి మొదటి పుటలోనే ఈ చిక్కు ఎదురవుతుంది.

చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరు 12న, 18 ఏళ్ళకే, సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. చివరిదైన 14వ ఆటలో డింగ్ 55వ ఎత్తుగా ఏనుగును జరపడం పెద్ద పొరపాటని పత్రికలన్నీ రాశాయి. నేర్చుకునేవాడికి అది చాలదు. ఏనుగులు మార్పిడి అయ్యాక, మూలనున్న తెల్ల బిషప్‌ను కూడా గుకేశ్ మార్పిడికి లాగాడు. ఇక మిగిలింది రాజులు, బంట్లు. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. పావులుండగా డ్రా అయ్యే ఆట, పావులు పోగానే ఓటమి ఎందుకైందో విడమరచి చెప్పాలి. తెలుగులో వ్యాఖ్యానం మొదలుపెట్టదలచినవారికి ఈ నాలుగు ఎత్తులు చాలు. బిషప్‌ను శకటు అన్నా, ఒంటె అన్నా మాకు అభ్యంతరం లేదు, పక్కన బొమ్మ ఉంటే. మంత్రి పక్కన మాత్రం బొమ్మ ఉండి తీరాలి.