పుటలో సమోన్నతి

కందుకూరి వీరేశలింగముగారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ఆరంభించి, తొలుత చెన్నపట్టణమున అచ్చొత్తించి, పిదప రాజమహేంద్రవరముననే ముద్రణాలయమును నెలకొల్పిన నాటినుండి, అద్దేపల్లివారి సరస్వతీ పవర్ ప్రెస్సు వంటి అచ్చుకూటములు వర్ధిల్లిన కాలమువరకును, పుటలో ప్రక్కప్రక్కనున్న రెండు కాలమ్‌ల (నిలువు వరుసల) అడుగులను ఒక్క గీతపై నిలుపుట కంపోజిటరు చేతి నేర్పునకు నిత్యపరీక్ష. ఒక కాలమ్ పొట్టియైనచో అతడు పంక్తుల నడుమ పలుచని సీసపు లెడ్లను చొనిపి, పేరాల నడిమి ఎడమును కొలదికొలదిగా పెంచి, మిగిలిన ఖాళీ ఒక్కచోట గుమిగూడకుండ పంచెడివాడు. తెలుగున ఈ పని మరింత సున్నితము. పై పంక్తి వత్తు క్రిందికి దిగును, క్రింది పంక్తి గుడి పైకి లేచును, ఆ రెండును తాకరాదు.

వెబ్ పుటలు వచ్చిన పిమ్మట ఈ విద్య కొంతకాలము అనాథయైనది. వెబ్ పుటల రూపమును నిర్దేశించు సీఎస్ఎస్ భాష తొలి ప్రమాణము 1996 డిసెంబరున వెలువడినది; అందు ఒక పెట్టె ఎత్తు ప్రక్కపెట్టెకు తెలియు మార్గమే లేకుండెను. కొందరు పట్టికలను ఆశ్రయించిరి. మరికొందరు 2004లో డాన్ సెడర్‌హోమ్ వివరించిన ఉపాయమున, వెనుక చారల బొమ్మను పరచి, కంటికి సమముగా తోపించిరి. రంగు దిగువవరకు సాగెనే కాని పెట్టె పొట్టిగానే యుండెను.

2009లో తొలి ముసాయిదాగా వెలువడి, 2012 నాటికి స్థిరరూపమునకు చేరువైన ఫ్లెక్స్‌బాక్స్ అను సీఎస్ఎస్ అమరిక పద్ధతి ఈ కొరతను తీర్చినది. ఉదాహరణకు, పాపికొండలు, అంతర్వేది, ద్రాక్షారామములను గూర్చిన మూడు పెట్టెలను ఒక వరుసలో నుంచి, వానిని పొదివిన తల్లిపెట్టెకు ‘డిస్‌ప్లే: ఫ్లెక్స్’ అని వ్రాసినంతనే, మూడును వానిలో మిక్కిలి పొడవైనదాని ఎత్తునకు సాగును; ‘స్ట్రెచ్’ అనునది అచ్చట సహజస్థితి. పిల్లపెట్టెకు వేరుగా ఎత్తు నిర్ణయించితిమా, ఆ సాగుదల నిలిచిపోవును. పెట్టెలు సమమైనను లోపలి ‘ఇంకా చదవండి’ మీటలు తలకొక ఎత్తున వ్రేలాడుచుండును గనుక, ప్రతి పెట్టెను నిలువు ఫ్లెక్స్‌గా మార్చి, మీటకు ‘మార్జిన్-టాప్: ఆటో’ అని చెప్పవలెను; అప్పుడు మిగిలిన చోటంతయు మీటపైన చేరి, అది అడుగునకు దిగును. కంపోజిటరు లెడ్లతో చేసిన పంపకమును ఇచ్చట బ్రౌజరు చేయుచున్నది. పెట్టెలు పలు వరుసలైనప్పుడు ఏ వరుసకు ఆ వరుసయే సమమగును. అన్నింటికిని ఒక్క ఎత్తే కావలెనన్న ‘గ్రిడ్’ అను మరియొక సీఎస్ఎస్ పద్ధతి మేలు.

దీని విలువ తెలుగు పుటలో ఇనుమడించునని నా దృఢవిశ్వాసము. పిక్సెళ్ళలో ఎత్తును బిగించిన పెట్టెలో, చూపు మందగించిన వృద్ధులు అక్షరములను పెద్దవి చేసికొన్నంతనే, చివరి పంక్తులు హద్దు దాటి పొరలును, లేదా వత్తులు తెగిపోవును. ఎత్తును విషయమునకే విడిచిన పుటలో ఒక పెట్టె పెరుగగా తక్కినవియు దానితో పెరుగును. ఫోనులో మాత్రము పెట్టెలను ఒకదానిక్రింద నొకటి నిలిపినచో ఆ సాగుదల వెడల్పునకు మారును. ప్రక్కన పోల్చుటకు వేరొకటి లేదు గనుక, అచ్చట దేని ఎత్తు దానికే యుండనిచ్చుట ఉచితము.