జీవితచరిత్రములు - గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

మన భాషలో గొప్పవారి జీవితములు వ్రాయువారికి రెండు ఘట్టములయందు మిక్కిలి ప్రీతి కలదు: జననము, మరణము. మొదటిదానికి వంశవర్ణనమును, రెండవదానికి అంత్యయాత్రా వర్ణనమును ముందుగనే సిద్ధమైయుండును. ఈ రెంటి నడుమ ఆ పురుషుడు దినదినమును ఏమి చేసెను, ఎవరితో విభేదించెను, ఎందులకు సొమ్ము వెచ్చించెను, ఎచ్చట పొరబడెను అను ప్రశ్నలకు మాత్రము చోటు చాలదు. శ్మశానమువఱకు వెంట నడచిన జనుల సంఖ్యయే ఘనతకు కొలతయైనచో, దారిద్ర్యమున మరణించిన పత్రికాధిపతిని దేనితో కొలువవలెను?

గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1806లో చెన్నపట్టణమున తెలుగు వర్తకుల యింట జన్మించిరి. నీలిమందు, బట్టల వ్యాపారమున ధనము గడించిరి. ఆ ధనముతో 1844లో "క్రెసెంటు" అను ఇంగ్లీషు పత్రికను స్థాపించి, సంపాదకత్వమును ఎడ్వర్డు హార్లీ అను ఆంగ్లేయున కప్పగించిరి. 1852లో మద్రాసు నేటివు అసోసియేషనును నెలకొల్పి, పన్నుల భారము, న్యాయస్థానములలోని జాగు, బాటల లేమి, నీటివసతుల కొఱత, విద్యాలోపము మున్నగు కష్టములను పేర్కొని బ్రిటిషు పార్లమెంటునకు మహజరు పంపించిరి. 1863లో చెన్నపురి శాసనసభలో సభ్యులైరి. 1868లో పేదరికమున కన్నుమూసిరి.

ఇంతవఱకు చెప్పి, "మొట్టమొదటి ప్రజానాయకుడు" అని ముగించుట మనవారికి అలవాటు. మొదటివాడని చెప్పుట కాలనిర్ణయమే కాని గుణనిర్ణయము కాదు. అంతకంటె హానికరమైనది ఆయన మరణమును చూచి "అయ్యో" యనుట. త్యాగము చేసిన ధనికుడు పేదయై చచ్చెనను కథ వినువాని కన్నీటిని తెప్పించునేగాని కర్తవ్యమును తెలుపదు. పత్రికయనగా కాగితము, అచ్చు, జీతములు, తపాలా ఖర్చు. ఈ భారమును చదువరులు పంచుకొనని నాడు అది ఒక్కని పెట్టెపై పడును. దాతృత్వముపై నిలిచిన పత్రిక దాత శక్తి తగ్గిన కొలదిని తానును తగ్గును. జీవితచరిత్రకారుడు మనకు చెప్పవలసినది ఈ లెక్క.

రెండవ లోపము దోషములను దాచుట. 1846లో సర్కారు పాఠశాలలో బైబిలును పాఠ్యగ్రంథముగా పెట్టదలచినప్పుడు శెట్టిగారు దానిని ప్రతిఘటించిరి. ప్రజల పన్నులతో నడచు బడిలో ఒక మతమును బోధింపరాదనుట న్యాయమే. కాని 1845 నాటి చట్టప్రతిపాదనను, అనగా మతము మార్చుకొన్నవారికిని కులభ్రష్టులైనవారికిని పిత్రార్జితపు హక్కు పోరాదను నియమమును కూడ ఆయన ఎదిరించిరి. ఆ నియమము 1850లో 21వ ఆక్టుగా శాసనమయ్యెను. వెలి వేయబడినవాని ఆస్తిని కాపాడు చట్టము సంఘసంస్కారమున కెంత అవసరమో మన పాఠకులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1881లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించిన పిదప వారి పక్షమువారు బహిష్కారమునకు లోనైరి. అట్టివారి వారసత్వమునకు 1850 చట్టమే అండ. రాజకీయమున ముందు నడచినవారు సంఘవిషయమున వెనుక నిలుచుట ఆ దినములలో అరుదు కాదు. దీనిని చెప్పినచో శెట్టిగారి కీర్తి తగ్గునని భయపడువాడు ఆయనను గౌరవించుటలేదు, విగ్రహము చేయుచున్నాడు.

ఇక ఆయన చేసిన గొప్ప పనిని మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమల వైపునుండి చూడుడు. మార్కాపురము, కంభము ప్రాంతములు అప్పుడు కడపజిల్లాలోనివి. 1858లో కర్నూలున చేరినవి. 1970లో ప్రకాశముజిల్లాకు వచ్చినవి. గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర కాలమున కట్టిన కంభము చెరువు క్రింద పండించువారికి జలాధారముల విలువ తెలియును. మహజరులోని నీటివసతుల మాట వారి మాటయే. మఱియు శిస్తు చెల్లింపలేని రైతును ఎండలో వంచి వీపుపై బండ నెత్తుటయు, కఱ్ఱల నడుమ వ్రేళ్ళు పెట్టి బిగించుటయు చెన్నపురి రాజధానిలో వాడుకగా నుండెను. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమరు వచ్చినప్పుడు శెట్టిగారు ఆయనకు ప్రజల కష్టములను చూపిరి. దానిపై సభలో చర్చ జరిగి, 1854లో ఎలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురితో విచారణసంఘ మేర్పడెను. 1855 నాటి నివేదిక హింస నిజమని ఒప్పుకొనెను. 1859లో పోలీసును రెవిన్యూనుండి వేఱుచేయు చట్టము వచ్చెను.

ఇందులో రెండు చేదు నిజములు కలవు. ఆ హింస చేసినవారు ప్రధానముగా మన దేశపు చిన్న యుద్యోగులే. వారిచే వసూలు చేయించి, దొరతనమువారిని నిర్దోషులనుట విచారణసంఘపు పక్షపాతము. దానిని చూపి మన వారి క్రూరత్వమును మఱచుట మన పక్షపాతము. రెండవది, బాధపడిన రైతు భాష వేఱు, ఆతని కొఱకు పోరాడిన పత్రిక భాష వేఱు. లండనులో వినబడవలెనన్న ఇంగ్లీషు కావలసెను. కాని కంభములో దానిని చదివి "ఇది నా మాట" యనుకొనగల రైతెక్కడ? ఈ లోటును 1874లో తెలుగున వెడలిన "వివేకవర్ధని" వంటి పత్రికలు కొంత తీర్చినవి.

1907లో విజ్ఞానచంద్రికామండలి ప్రథమగ్రంథముగా వెలువడినది అబ్రహాము లింకను చరిత్రము. వ్రాసినవారు కర్నూలు వాస్తవ్యులు, తరువాత "స్వరాజ్య" పత్రికా సంపాదకులై 1908లో కారాగారము పాలైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. సముద్రముల కావలి మహాపురుషుని తెలుగున పరిచయము చేయుట మెచ్చదగినదే. అదే శ్రద్ధతో మన వర్తకవీధిలో పుట్టినవాని జీవితమును, లెక్కలతో, తప్పులతో, ఎదిరివాదులతో సహా వ్రాయుట మనకు మిగిలియున్న పని.

దేహము దహనమైనను ఖననమైనను ఒక దినపు పని. కాగితములను చెదలకు విడుచుట రెండవ ఖననము; దానిని చేయువారు బంధువులు కారు, చదువరులు. ఉత్తరక్రియలకు వేలు వెచ్చించు కుటుంబము తన పెద్దల ఉత్తరములను, కరపత్రములను, పాత పత్రికా సంచికలను భద్రపఱచుటకు ఒక పెట్టెనైన కొనదు. చందా గడువు దాటినను చెల్లింపక, సంపాదకుడు పోయిన పిమ్మట సంతాపసభకు పోవుట అట్టిదే. లక్ష్మీనరసు శెట్టిగారిని గౌరవింపదలచినవారు బ్రదికియున్న పత్రికకు ఈ నెల చందాను ఈ నెలనే పంపవలయును.