కన్నీటి నవల వెండితెర మీద

పిల్లలు చదివే పుస్తకాలను చూసి మన పెద్దలు కొందరు తరచు అనే మాట ఒకటి ఉన్నది. “హాయిగా ఆడుకోవలసిన వయసులో ఈ జబ్బులూ, ఈ చావులూ, ఈ ఏడుపులూ ఏమిటర్రా?” అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని అలా అనేవారిలో చాలామంది ఒకప్పుడు వారపత్రికలోని సీరియల్ కోసం గుమ్మంలో కాచుకుని కూర్చున్నవారే. ఆ కాగితాలు విడదీసి, దారంతో కుట్టి, అట్టవేసి దాచుకున్నవారే. యద్దనపూడి సులోచనారాణి గారి ‘జీవన తరంగాలు’, ‘మీనా’ 1973లోనూ, ‘సెక్రటరీ’ 1976లోనూ సినిమాలై వచ్చినప్పుడు హాల్లో కళ్ళొత్తుకుని, బయటికి వచ్చాక “నవలలో ఉన్నది సినిమాలో ఏదీ?” అని వాదులాడుకున్నవారే. కాబట్టి ఏడిపించే నవలా, దాని వెనకే వచ్చే సినిమా మనకు కొత్తవేమీ కావు.

అందువల్ల పిల్లలు ఏడవవచ్చునా, కూడదా అన్నది మా ప్రశ్న కాదు. ఆ ఏడుపులో ఏమున్నది, పుస్తకంలో ఉన్నదేదో తెర మీదికి ఎక్కేసరికి ఎక్కడ జారిపోతున్నది అన్నదే మా ప్రశ్న. ఇక్కడ అమెరికాలో బడిపిల్లల చేతుల్లో విరివిగా కనిపించే మూడు నవలలను, వాటి చిత్రాలను పక్కపక్కన పెట్టి చూశాము. మాకు తోచినది పాఠకుల ముందుంచుతున్నాము.

మొదటిది జాన్ గ్రీన్ రాసిన ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’. నవల 2012లో వచ్చింది. 2014లో జాష్ బూన్ దర్శకత్వంలో చిత్రమయింది. గ్రీన్ రచయిత కాకముందు కొన్ని నెలలు పిల్లల ఆసుపత్రిలో రోగులకూ, వారి కుటుంబాలకూ ఊరట చెప్పే చాప్లిన్‌గా పనిచేశాడు. 2010లో పదహారేళ్ళకే థైరాయిడ్ కాన్సరుతో కన్నుమూసిన ఎస్తర్ ఎర్ల్ అనే అమ్మాయికి ఈ నవలను అంకితమిచ్చాడు. అంటే జబ్బుపడిన పిల్లల గదుల వాసన తెలిసిన మనిషి రాసిన పుస్తకం ఇది.

కథానాయిక హేజల్‌కు పదహారేళ్ళు. కాన్సరు ఊపిరితిత్తులకు పాకింది. ఆక్సిజన్ సిలిండరును వెంట లాక్కుంటూ తిరుగుతుంది. ఎముక కాన్సరు వల్ల ఒక కాలు పోగొట్టుకున్న ఆగస్టస్‌తో ఆమెకు పరిచయమూ, ప్రేమా కలుగుతాయి. అయితే హేజల్ పోరాటం జబ్బుతో మాత్రమే కాదు, జబ్బుపడ్డ పిల్లల గురించి లోకం చెప్పుకునే కథతో కూడా. రోగి అంటే చివరి శ్వాస దాకా చిరునవ్వుతో ఉండాలి, ధైర్యానికి నిదర్శనం కావాలి, చుట్టూ ఉన్నవారికి పాఠం చెప్పి మరీ పోవాలి. ఈ కథ అబద్ధమని చెప్పడానికి గ్రీన్ ఒక పాత్రను కల్పించాడు. పేరు కారలైన్ మేథర్స్. హేజల్ కన్నా ముందు ఆగస్టస్ స్నేహం చేసిన పిల్ల. మెదడులో కణితి వచ్చి చనిపోయింది. చనిపోయే ముందు ఆ కణితి ఆమె స్వభావాన్నే మార్చేసింది. మాట కటువైంది. ఆగస్టస్ కాలు మీద ఎగతాళి చేసేది. అతనికి విసుగెత్తింది. అయినా చావుబతుకుల్లో ఉన్న పిల్లను ఎలా విడిచిపెడతాడు? ఉండిపోయాడు.

సినిమాలో కారలైన్ లేదు. పాత్రనే తీసేశారు. చివరి రోజుల్లో ఆగస్టస్ పక్క తడుపుకున్న సంగతీ లేదు. అర్ధరాత్రి గాస్ స్టేషనులో అతను వాంతి చేసుకుని, నిస్సహాయంగా ఏడ్చే ఘట్టాన్ని మాత్రం ఉంచారు. అంతవరకు మెచ్చుకోవలసిందే. రెండు గంటల్లో నవలంతా ఇమడదన్నది నిజమే. ఏదో ఒకటి వదలక తప్పదు. కాని వదిలినది ఏదో చూడండి. జబ్బు మనిషిని మంచివాణ్ణే చేస్తుందన్న నమ్మకం లేదని చెప్పే పిల్లనే వదిలారు. ఆమె పోవడంతో, నవల ఏ కథను కాదన్నదో ఆ కథే వెనక గుమ్మం గుండా మళ్ళీ లోపలికి వచ్చింది. ఇద్దరు అందమైన పిల్లలు, అందమైన ఆమ్‌స్టర్‌డామ్, అందమైన మరణం.

రెండవది కేథరీన్ పేటర్సన్ నవల ‘బ్రిడ్జ్ టు టెరబీథియా’. ఇది 1977 నాటిది. 1978లో న్యూబెరీ పతకం పొందింది. చదివేవారి వయసు కాస్త తక్కువే అయినా ఈ తరహా పుస్తకాలన్నింటికీ ఇది పెద్దక్క వంటిది. పేటర్సన్ కుమారుడు డేవిడ్ చిన్నతనంలో, 1974లో, అతని స్నేహితురాలు పిడుగుపాటుకు చనిపోయింది. ఆ దుఃఖంలోంచి ఈ నవల పుట్టింది. వర్జీనియా పల్లెలో జెస్ అనే పదేళ్ళ పిల్లవాడు, కొత్తగా వచ్చిన లెస్లీ అనే అమ్మాయి, వాగు అవతల వాళ్ళిద్దరూ ఊహించుకున్న రాజ్యం. ఒకనాడు జెస్ తన సంగీతం టీచరుతో వాషింగ్టన్‌లో మ్యూజియం చూడడానికి వెళతాడు. లెస్లీని కూడా పిలవవచ్చునని దారిలో తోస్తుంది. పిలవనందుకు లోలోపల సంతోషిస్తాడు కూడా. ఆ రోజునే తాడు తెగి, పొంగుతున్న వాగులో పడి లెస్లీ చనిపోతుంది.

ఆ తరువాతి పేజీలు మమ్మల్ని ఎంతో ఆలోచింపజేశాయి. ప్రాణస్నేహితురాలు చనిపోయిన పిల్లవాడు బడి మొత్తంలో తానొక్కడే కదా, అందరూ తనను గౌరవంగా చూస్తారు కదా అని జెస్ మనసులో ఒక ఆలోచన మెదులుతుంది. చెల్లెలు మే బెల్, లెస్లీ శవాన్ని చూశావా అని అమాయకంగా అడిగితే దాని ముఖం మీద బలంగా కొడతాడు. లెస్లీ ఇచ్చిన రంగుల పెట్టెను వాగులోకి విసిరేస్తాడు. ఇది పుణ్యదుఃఖం కాదు. గర్వమూ, కోపమూ, తప్పు చేశానన్న భయమూ కలిసిపోయిన దుఃఖం. పదేళ్ళ పిల్లవాడికి నిజంగా వచ్చేది ఇటువంటిదే.

ఈ నవల 2007లో గాబర్ చూపో దర్శకత్వంలో చిత్రమయింది. చిత్రానుకరణ రాసినవారిలోనూ, నిర్మాతల్లోనూ ఒకరు ఆ డేవిడ్ పేటర్సనే. ఏ పిల్లవాడి దుఃఖం కోసం తల్లి పుస్తకం రాసిందో, ఆ పిల్లవాడే పెద్దవాడై దాన్ని తెరకెక్కించాడన్నమాట. అందుకేనేమో చిత్రంలో నిజాయితీ ఉన్నది. లెస్లీని పిలవకపోవడం ఉన్నది. తండ్రి జెస్‌ను గుండెకు హత్తుకునే ఘట్టం ఉన్నది. కాని జెస్ బలంగా కొట్టే దెబ్బ మాత్రం చోటు మారింది. అది బడిలో ఎగతాళి చేసిన కుర్రవాడికి తగులుతుంది. అటువంటివాణ్ణి కొడితే చూసేవారికి కష్టం కలగదు. పైగా తృప్తి కలుగుతుంది. నవలలో చెల్లెలికి తగిలిన దెబ్బ మనకు తగులుతుంది. ఇక ‘నేను గొప్పవాణ్ణయ్యాను’ అన్న ఆలోచనకు తెర మీద చోటే లేదు. పైగా ప్రచార చిత్రాల్లో దీన్నొక మాయాలోకపు సాహసగాథ అన్నట్టు చూపించారు. వింత జంతువులను చూడవచ్చునని పిల్లలను తీసుకువెళ్ళిన తల్లిదండ్రులు దారి పొడుగునా ఏడుస్తున్న పిల్లలతో ఇంటికి తిరిగి వచ్చారు.

మూడవది ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’. ఈ కథ ఊహ షివాన్ డౌడ్ అనే రచయిత్రిది. ఆమె 2007లో రొమ్ము కాన్సరుతో మరణించగా, ఆ ఊహను అందుకుని పాట్రిక్ నెస్ 2011లో నవల రాశాడు. జిమ్ కే బొమ్మలు వేశాడు. 2012లో బ్రిటన్‌లో రచనకు కార్నెగీ పతకం, బొమ్మలకు గ్రీనవే పతకం రెండూ ఈ ఒక్క పుస్తకానికే వచ్చాయి. కానర్ అనే పిల్లవాడి తల్లి మరణశయ్య మీద ఉన్నది. రాత్రి 12 గంటల 7 నిమిషాలకు ఒక చెట్టు రాక్షసుడై వచ్చి మూడు కథలు చెబుతుంది. నాలుగోది నువ్వు చెప్పాలి, అది నిజం కావాలి అంటుంది. ఆ నిజం ఏమిటంటే, ఈ బాధ ఇక ముగిసిపోతే బాగుండునని, అంటే తల్లి పోతే పోనీ అని కానర్‌కు ఒక మూల అనిపించింది. తల్లి బతకాలనీ అనిపించింది, ఇది అయిపోవాలనీ అనిపించింది. రెండూ ఒకే మనసులో ఉండగలవు, అందుకు నువ్వు దోషివి కావని రాక్షసుడు చెబుతాడు.

2016లో జె. ఎ. బయోనా తీసిన చిత్రానికి చిత్రానుకరణ నెస్ తానే రాశాడు. అందుచేత ఆ నిజం చెక్కుచెదరలేదు. ఈ మూడింటిలో సిగ్గుపడదగ్గ ఆలోచనను ముఖం తిప్పకుండా చూసిన చిత్రం ఇదొక్కటే. అయితే ఇందులోనూ చివర ఒక ముక్క కలిపారు. నవల తల్లిని గట్టిగా పట్టుకున్న పిల్లవాడి దగ్గర ఆగిపోతుంది. సినిమాలో ఆ తరువాత తల్లి చిన్ననాటి బొమ్మల పుస్తకం కానర్‌కు దొరుకుతుంది. అందులో ఆ రాక్షసుడి బొమ్మే ఉంటుంది. చూడడానికి చక్కగా ఉన్నది, కాదనము. కాని నవల ఆ పిల్లవాణ్ణి చీకట్లో నిలబెట్టి, ఆ చీకటి భరించగలవు అన్నది. సినిమా ఒక దీపం తెచ్చి చేతికిచ్చింది.

ఎందుకిలా జరుగుతుంది? ఒక కారణం ప్రక్రియలోనే ఉన్నది. నవల మనసు లోపలి మాటను నేరుగా చెబుతుంది. కెమెరాకు ముఖం కనిపిస్తుంది, కన్నీరు కనిపిస్తుంది, సిగ్గు కనిపించదు. రెండో కారణం డబ్బు. ‘ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ సుమారు 1 కోటి 20 లక్షల డాలర్లతో తీస్తే ప్రపంచమంతటా 30 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ‘మాన్‌స్టర్ కాల్స్’కు సుమారు 4 కోట్ల 30 లక్షలు ఖర్చయితే వసూలు 4 కోట్ల 70 లక్షల దగ్గరే ఆగింది. జయాపజయాలకు వేరే కారణాలు కూడా ఉంటాయి. అయినా కడిగి శుభ్రం చేసిన కన్నీటికి గిరాకీ ఎక్కువన్న సంగతి నిర్మాతలకు తెలియకపోదు.

కన్నీళ్ళ లెక్కతో చిత్రం విలువ కట్టడం ఎంత పొరపాటో 2020లో మరోసారి తెలిసింది. గ్రీన్ నవలనే హిందీలో ‘దిల్ బేచారా’గా తీశారు. కథ జంషెడ్‌పూర్‌కు మారింది, ఆమ్‌స్టర్‌డామ్ పారిస్ అయింది. కథానాయకుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ జూన్ 14న చనిపోగా, చిత్రం జూలై 24న విడుదలయింది. మొదటి దృశ్యానికే జనం ఏడ్చారు. ఆ కన్నీరు అబద్ధం కాదు. కాని అది కథకు చెందినదీ కాదు.

మన ఆలంకారికుల మాట ఎత్తి కొందరు మాతో వాదించవచ్చు. సొంత శోకంలోని కరకుదనం పోయి అందరిదీ అయినప్పుడే కదా కరుణరసం, సినిమా చేసినదీ అదే కదా అని. మేము అలా అనుకోము. కరుణకే అగ్రతాంబూలమిచ్చిన భవభూతిని చూడండి. ‘ఉత్తరరామచరితం’ మూడో అంకంలో రాముడు సీత కోసం కుమిలిపోతాడు. ఆమెను అడవికి పంపినది తానే. వనదేవత వాసంతి ఆ మాటను అతని ముఖం మీదే అడుగుతుంది. కంటికి కనబడని సీత పక్కనే నిలబడి వింటుంది. రాముడి తప్పును కవి కడిగేయలేదు. కడిగి ఉంటే ఆ శోకానికి అంత బరువు ఉండేది కాదు.

ఇదంతా సాహిత్య చర్చ కోసమే అయితే ఇంత చెప్పనక్కరలేదు. మన ఇళ్ళలో జరిగేదొకటి ఉన్నది. తెల్లవారుజామున ఊరినుంచి ఫోను వస్తుంది. తాతగారు పోయారు. అమ్మ కూలబడి ఏడుస్తుంది, నాన్న టిక్కెట్ల కోసం వెతుకుతుంటాడు. పిల్లవాడికి ఏడుపు రాదు. ఆదివారం ఆదివారం ఫోను చేతికిచ్చి “తాతయ్యతో మాట్లాడు నాన్నా” అంటే తెలుగు మాట తట్టక తడబడే అవస్థ ఇక తప్పిందని ఒక్క క్షణం అనిపిస్తుంది. ఆ క్షణం గుర్తుకొచ్చి ఎన్నాళ్ళో సిగ్గుపడతాడు. ఎవరికీ చెప్పడు. మనమూ అడగము. “పాపం, చిన్నవాడు, వాడికేం తెలుసు” అనుకుంటాము.

ఆ పిల్లవాడికి అందమైన చావు చూపించే సినిమా ఏ విధంగానూ పనికిరాదు. తనకు ఏడుపు రాలేదు కాబట్టి తానే చెడ్డవాణ్ణన్న అనుమానాన్ని అది ఇంకాస్త పెంచుతుంది కూడా. అతనికి కావలసినది జెస్, కానర్. తనకు వచ్చినటువంటి ఆలోచన మరొక పిల్లవాడికీ వచ్చిందని, వచ్చినా వాడు తరువాత వంతెన కట్టి చెల్లెలి చెయ్యి పట్టుకుని వాగు దాటించాడని తెలియాలి. అది పుస్తకంలో ఉన్నది.

సినిమాలు చూడవద్దని మేము అనము. పిల్లలతో కూర్చుని చూడండి. ఏడుపు వస్తే ఏడవండి. తరువాత ఆ పుస్తకాన్ని తెచ్చి వాళ్ళ చేతికివ్వండి, వీలైతే మీరూ చదవండి. చదివాక “ఏడ్చావా?” అని మాత్రం అడగకండి. “ఎక్కడ కోపం వచ్చింది?” అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. వచ్చేదాకా పక్కన కూర్చోండి.