పేరు, వదంతి, పిలుపు: ఒక జపనీయ చిత్రకథ

జపాన్‌లో బాలికల కోసం వెలువడే చిత్రకథలను ‘షోజో మాంగా’ అంటారు. వాటిని చదవనివారికి కూడా వాటి గురించి ఒక స్థిరమైన అభిప్రాయం ఉంటుంది: పెద్ద పెద్ద కళ్లు, రాలే పూలు, తరగతిలో అందరూ మెచ్చే ఒక యువకుడు, అతణ్ణి దూరం నుంచి చూసే ఒక అమాయకురాలు. కరుహో షీనా రచించి చిత్రించిన ‘కిమి ని తొదోకే’లో ఇవన్నీ ఉన్నాయి. ‘నిన్ను చేరాలి’ అని ఆ శీర్షికకు స్థూలంగా అర్థం. 2005లో షూయేషా సంస్థవారి ‘బెస్సాత్సు మార్గరెట్’ మాసపత్రికలో ఒకే సంచికలో ముగిసే చిన్న కథగా ఇది వెలువడింది. తరువాత ధారావాహికగా మారి 2017 వరకు సాగి 30 సంపుటాలయింది. 2008లో కొదాన్షా పురస్కారం పొందింది. నా పరిశీలన ప్రధానంగా ఆ తొలి కథకు, దానిని వెన్నంటి వచ్చిన కొన్ని ఘట్టాలకు పరిమితం.

నాయిక పేరు కురోనుమా సవాకో. పొడవైన నల్లని జుట్టు, పాలిపోయిన ముఖం, నవ్వబోతే బిగుసుకుపోయే పెదవులు. తోటివారు ఆమెను ‘సదాకో’ అంటారు. కోజీ సుజుకీ 1991లో రాసిన ‘రింగ్’ నవల ద్వారా, 1998 నాటి చలనచిత్రం ద్వారా జపాన్‌లో ఇంటింటా తెలిసిన ప్రేతం పేరది. ఆమె కళ్లలోకి మూడు క్షణాలు చూస్తే కీడు తప్పదని ఒక ప్రచారం. సవాకో దీనికి కోపగించుకోదు. తనకు ఆత్మలు కనిపించనందుకు నొచ్చుకుని క్షమాపణ చెబుతుంది. వేసవిలో విద్యార్థులు జరుపుకొనే ధైర్యపరీక్షలో దయ్యం వేషం వేస్తానని తానే ముందుకు వస్తుంది. రోజుకొక మంచిపని చేయాలన్నది ఆమె నియమం. పదిమందికీ ఉపయోగపడుతున్నానన్న సంతోషంతో చీకట్లో ఒంటరిగా కూర్చున్న ఆ పిల్లను చూసి నవ్వాలో జాలిపడాలో పాఠకుడికి తోచదు. ఆ చీకట్లో ఆమెకు తోడుగా వచ్చి కూర్చునేవాడు కజెహాయా షోతా. తరగతికంతటికీ ఇష్టుడు.

రచయిత్రి ఈ జంటకు పెట్టిన పేర్లు గమనించదగినవి. కురోనుమా అంటే నల్లని చిత్తడినేల. కజెహాయాలో ఉన్నది వేగంగా వీచే గాలి. అయితే ‘సవాకో’ను రాసే అక్షరానికి అర్థం ఆహ్లాదం, హాయి. కజెహాయాను చూసిన ప్రతిసారీ సవాకోకు స్ఫురించే విశేషణం కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుంది. తాను అతనిలో ఆరాధించే గుణం తన పేరులోనే ఉందన్నమాట. లోకం దానిని తప్పుగా పలుకుతోంది. కజెహాయా చేసిన ఘనకార్యమల్లా ఆమెను ఆమె పేరుతో పిలవడం, చెప్పింది పూర్తిగా వినడం. ప్రేమకథగా దీని బలమంతా ఇక్కడే ఉంది.

చరిత్ర చదివి దస్త్రాల మధ్య బతుకుతున్న నాబోటివాడికి ఈ ‘సదాకో’ వ్యవహారం కొత్తది కాదు. ఎవరో ఎప్పుడో రాసిన ఒక వ్యాఖ్య ఒక కాగితం నుంచి మరొక కాగితానికి ఎక్కుతుంది. మూలాన్ని ఎవరూ తిరిగి చూడరు. కొన్నాళ్లకు అదే ఆ మనిషి అయి కూర్చుంటుంది. జపాన్ తరగతిగదుల్లో చీట్లు వేసి కూర్చునే చోట్లు మార్చడం పరిపాటి. అటువంటి ఒక రోజున సవాకో పక్కన కూర్చోవడానికి అందరూ జంకుతారు. ద్వేషంతో కాదు, ఎందుకైనా మంచిదని! అప్పుడు కజెహాయా, యోషిదా చిజురు, యానో అయానే ఒక్కొక్కరుగా వచ్చి ఆమె చుట్టూ కూర్చుంటారు. ఉపన్యాసం లేదు. బల్లలు జరిగాయి, అంతే.

చిత్రరచన ఈ వాదాన్ని మౌనంగా మోస్తుంది. తరగతి చూసే సవాకో నీడలు కమ్మిన ప్రేతం. తన మనసులో తాను చిన్న బొమ్మంత అల్పప్రాణి. ఎప్పుడో ఒకసారి మాత్రమే మామూలు అమ్మాయి. మాటల బుడగలకు వెలుపల పాత్రల మనోగతాన్ని పరచే పద్ధతిని 1970లలో మోతో హగియో తరం రచయిత్రులు ఎంతో ముందుకు తీసుకువెళ్లారు. షీనా దానిని పొదుపుగా వాడుకొన్నారు. సవాకో నోటికి రాని మాట పాఠకుడికి ముందే తెలుస్తుంది, తరగతికి తెలియదు. మన ఆత్రుత అంతా ఆ ఎడంలోనే ఉంది.

దీనిని తెలుగులోకి తేవాలంటే ఒక చిక్కు ఎదురవుతుంది. మనలాగే వారికీ ఇంటిపేరు ముందు వస్తుంది. కానీ తోటి విద్యార్థిని ఇంటిపేరుతో పిలవడం, చనువు పెరిగాక సొంత పేరుకు మారడం వారి మర్యాద. పిల్లలంతా మొదటిరోజు నుంచీ ‘నువ్వు’ అనుకునే మన బడిలో ఆ మెట్లు లేవు. ‘మీరు’ అనిపిస్తే కృత్రిమం, ‘నువ్వు’ అనిపిస్తే కథలో సగం జారిపోతుంది.

ధారావాహికగా సాగిన భాగంపై నాకు ఫిర్యాదులున్నాయి. ఒక మాటతో తీరిపోయే అపార్థాన్ని సంపుటాల పొడవునా లాగడం పత్రికకు అవసరం కావచ్చు, కథకు కాదు. తొలి ఘట్టాల్లో కజెహాయాకు లోపమన్నదే కనిపించదు. అటువంటి నాయకుణ్ణి నమ్మడం కష్టం. అతణ్ణి చాలాకాలంగా ప్రేమిస్తూ, సవాకో స్నేహితురాళ్లపై వదంతులు పుట్టించిన కురుమిజావా అనే అందగత్తె అతనికంటే సజీవంగా ఉంటుంది. అందరూ ఆమెను ‘కురుమి’ అంటారు. ‘ఉమె’ అన్న తన అసలు పేరు పాతకాలపుదని ఆమెకు కిట్టదు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే సహించదు.