వాక్యమున వార్త యెక్కడ?

ఏడెన్ సింధుశాఖకును హిందూమహాసముద్రమునకును నడుమ కొమ్మువలె చొచ్చుకొనిపోయిన ఆఫ్రికా మెట్టభూములలో ఒంటెలను మేపుకొనుచు తరతరములుగా సంచరించిన సోమాలీ జనులు, 1972 లో లాటిను అక్షరములు రాజభాషాలిపిగా స్థిరపడువఱకు, తమ కవిత్వమును, పెద్దల తీర్పులను, వంశావళులను చాలవఱకు కంఠస్థముగనే కాపాడుకొనిరి. లిపి లేమియే వారి వాక్యనిర్మాణమునకు కారణమని నేననను. కాని చెవియే గ్రంథమైన యా సమాజమున, చెప్పుచున్న మాటలలో క్రొత్త వార్త ఏ పదమునందున్నదో వక్త ప్రతి వాక్యమునను చూపవలెనను కట్టుబాటు వెలసియుండుట నాకెంతయు ముచ్చట గొల్పును.

ఊనిక చూపు ఉపాయములు మనకును లేకపోలేదు. "రాముడే వచ్చెను" అని ఏవకారము చేర్తుము. "వచ్చినది రాముడు" అని పదములను తారుమారు చేయుదుము. అయినను ఇవన్నియు మన యిచ్ఛాధీనములు, వట్టి "రాముడు వచ్చెను" అని ఊరకున్నను వాక్యమునకు లోటు లేదు. సోమాలీలో ఈ వెసులుబాటు లేదు. "నిన్" అనగా మనుష్యుడు, "యిమిద్" అనగా వచ్చెను. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి "నిన్ యిమిద్" అన్నచో వినువాడు ఇంకను ఎదురుచూచుచునే యుండును, ఏలయన అది "వచ్చిన మనుష్యుడు" అను పదబంధమే కాని వాక్యము కాదు. నడుమ "బా" అను ఒక్క యక్షరము పడి "నిన్ బా యిమిద్" అయినపుడే, ఎవడో మనుష్యుడు వచ్చినాడను వార్త పుట్టును.

ఈ "బా" తనకు ముందున్న నామమును పట్టి చూపును. "అలీ బా బియో కేనయ్" అన్నచో నీళ్లు తెచ్చినవాడు అలీయే, మఱియొకడు కాడు. "అలీ బియో బూ కేనయ్" అన్నచో అలీ తెచ్చినది నీళ్లే. ఇచ్చట "బూ" అనునది "బా"తో "అతడు" అను సర్వనామము కలిసిపోయిన రూపము. వార్త నామమునందు గాక క్రియయందున్నపుడు "వా" వచ్చును: "అలీ వూ యిమిద్", అలీ వచ్చినాడు; ఈ "వూ"యు అట్లే "వా"తో "అతడు" కలిసిన రూపము. "అయా" అను మఱియొక పదము దాదాపు "బా"కు పర్యాయము. ఒకే వాక్యములో "బా"యు "వా"యు కలిసి నిలువవు. ఉపవాక్యమున రెండింటికిని చోటు లేదు. ప్రధానవాక్యమునకు చూపు ఒకటే, అది యొకవైపునకే.

ఇంతవఱకు చెప్పినది పైమెఱుగు. అసలు సొగసు దీనికి లోపల నున్నది. సోమాలీలో కర్తకు ఒక గుఱుతు కలదు: "నిన్క" అనగా ఆ మనుష్యుడు, అతడే కర్తయైనపుడు "నిన్కు" అగును. కాని ఊనిక కర్తమీదనే పడిన తక్షణము ఆ కర్తృచిహ్నము జాఱిపోయి "నిన్క బా యిమిద్" అనియే పలుకవలెను. క్రియయు తన పురుషవచనభేదములను చాలవఱకు విడిచిపెట్టును. "అదిగు వాద్ కేంతా", నీవు తెత్తువు, అనుచోట మధ్యమపురుషరూపమైన "కేంతా" నిలిచియున్నది. "అదిగ బా కేన", తెచ్చునది నీవే, అనునపుడు అది "కేన"గా కృశించును. నేను, నీవు, మీరు, వారు అన్నింటికిని ఈ "కేన" యొక్కటే. ఆమెకును, "మేము" అనుదానికిని మాత్రము వేఱు రూపములు మిగిలినవి. "తెచ్చినది నేను, తెచ్చినది నీవు, తెచ్చినది వారు" అనునపుడు మన క్రియయు ఇట్లే పురుషభేదము మఱచి "తెచ్చినది"గా స్థిరపడుటను తలచుకొనుడు. చుట్టఱికము లేని రెండు భాషలు ఒకే యవసరమున ఒకే మార్గము త్రొక్కినవి. "మనుష్యుడు, వచ్చినవాడు" అను ప్రాచీనమైన జంటవాక్యము కాలక్రమమున అతుకు కనబడకుండ ఏకవాక్యమైనదనియు, కర్తృచిహ్నలోపము ఆ యతుకు జాడయే యనియు పలువురు పండితుల యూహ. నాకు నదియే సమంజసమని తోచును.

"వహ" అను నిర్మాణమునందు ఆ యతుకు నేటికిని బయటనే యున్నది. "వహ్" అనగా వస్తువు. "వహాన్ రబా బియో" అన్నచో నేను కోరునది నీళ్లు. ఊనికగల పదము ఇందు వాక్యాంతమునకు పోవును గనుక, చెప్పవలసినది దీర్ఘమైనపుడు ఇది మిక్కిలి యనుకూలము.

ఈ నిపాతముల మర్మమును శ్రద్ధతో పరిశీలించినవారిలో లండనులో బోధించిన ఆంద్ర్జేయెవ్‌స్కీ అగ్రగణ్యుడు. 1956 లో సోమాలీ విద్వాంసుడు మూసా గలాల్ సంకలనించిన "హిక్మద్ సోమాలీ" కథలను వ్యాకరణవివరణలతో వెలువరించినవాడును ఆయనయే. కథ చెప్పు నోటినుండి వాక్యమును గ్రహించినవారికే, "బా" ఏల వచ్చినదో తెలియును. విడివాక్యమును బల్లపై నుంచి పరీక్షించిన వ్యాకర్తకు అది వ్యర్థపదముగ తోచుటయు కద్దు. ఉత్తర కెన్యాలో ఒంటెలే జీవనముగా గల రెండిలే జనుల భాష సోమాలీకి తోబుట్టువు. దానియందును, 1978 లో ఓమెన్ అను విదుషి చూపినట్లు, ఊనిక నామముపై నున్నదా క్రియపై నున్నదా యని తెలుపు గుఱుతులున్నవి.

సోమాలీ ప్రశ్నయందును ఈ "బా" దాగియుండును. "యా బియో కేనయ్?", నీళ్లెవరు తెచ్చిరి? ఈ "యా"లో "ఎవరు" అను పదముతోబాటు "బా" కరగియున్నది. కావున ప్రత్యుత్తరము "అలీ వూ కేనయ్" అని రారాదు. అలీ తెచ్చుట నిజమే యైనను, అడిగినది తెచ్చుటనుగూర్చి కాదు గనుక అది పెడసరముగ వినబడును. "అలీ బా కేనయ్" అనవలెను.