ఫైలుగా మారిన ఫ్లాపీ

డాస్ వంటి పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ కల్పించిన కంప్యూటర్‌లో, నడపదలచినవారికి ముందుగా కావలసింది బూట్ ఫ్లాపీ ఇమేజ్. ఫ్లాపీలోని సెక్టార్లన్నిటినీ, ఖాళీవాటితో సహా, వరుస తప్పకుండా నిలిపిన ఒకే ఫైలును ఇమేజ్ అంటారు. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి రెండు ముఖాలు, ముఖానికి 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు కనుక ఆ ఫైలు సరిగ్గా 14,74,560 బైట్లు ఉండాలి. (దీన్ని 1.44 మెగాబైట్లనడం 1,000నూ 1,024నూ కలగలిపిన లెక్క; ఏ కొలతకూ సరిపోకపోయినా లోకంలో అదే స్థిరపడింది.)

ఫైళ్లను ఇమేజ్‌లోకి నకలు చేస్తే పని ముగిసిందనుకోవడం ఈ విద్యలో తరచుగా జరిగే పొరపాటు. కంప్యూటర్‌ను ఆన్ చేయగానే తొలుత పనిచేసే బయోస్‌కు ఫైళ్ల సంగతి తెలియదు. అది ఫ్లాపీలోని మొదటి సెక్టారును మాత్రమే మెమరీలోకి తెచ్చి, అందులోని చిన్న ప్రోగ్రాముకు పగ్గాలు అప్పగిస్తుంది. బూట్ సెక్టార్ అనే ఆ 512 బైట్లు ఏ డైరెక్టరీలోనూ కనిపించవు కాబట్టి మామూలు నకలులో అవి రావు. పైగా ఎమ్మెస్ డాస్ బూట్ సెక్టార్, 6.22 వెర్షన్ వరకు, ఐఓ.సిస్, ఎమ్మెస్‌డాస్.సిస్ అనే ఫైళ్లు రూట్ డైరెక్టరీలో మొదటి రెండు స్థానాల్లో ఉండాలని ఆశిస్తుంది. అవి వేరే వరుసలో ఉంటే ఫైళ్లన్నీ ఉన్నా సిస్టమ్ లేవదు. 1994లో జిమ్ హాల్ ప్రారంభించిన ఫ్రీడాస్ తన కెర్నెల్.సిస్‌ను పేరును బట్టి వెతుక్కుంటుంది గనుక నేర్చుకునేవారికి అదే అనువైనది.

లినక్స్‌లో డీడీ ఆదేశంతో 2,880 ఖాళీ సెక్టార్ల ఫైలును సృష్టించి, ఎమ్‌ఫార్మాట్‌తో దానికి ఫ్యాట్12 అనే ఫైళ్ల పట్టిక అమర్చి, అప్పటికే నడుస్తున్న ఫ్రీడాస్‌కు బీ డ్రైవుగా తగిలించి సిస్ ఆదేశం ఇస్తే, బూట్ సెక్టారూ కెర్నెలూ కమాండ్.కామూ తమ తమ చోట్ల చేరతాయి. బూట్ సెక్టారుకూ, పట్టికలకూ, రూట్ డైరెక్టరీకీ 33 సెక్టార్లు పోగా మిగిలేది 2,847 సెక్టార్లే కాబట్టి, ఏ డ్రైవర్లను ఉంచాలో, వేటిని వదలాలో తేల్చుకోవడంలోనే తయారీదారు నేర్పు బయటపడుతుంది.

ఇళ్లలో నిజమైన ఫ్లాపీలు మిగిలి ఉన్నవారు వాటిని డ్రైవులో పెట్టేముందు మూలనున్న చిన్న మీటను జరిపి రంధ్రం తెరవాలి; అప్పుడు వాటిపై ఏదీ రాయబడదు. ఆ తరువాత ఫైళ్లను విడివిడిగా కాక మొత్తం ఫ్లాపీని ఇమేజ్‌గా తీసుకోవాలి.