వెనక సీటు గురువు

దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో 2013 నుంచి తొలి పాఠాలు పిలాటస్ విమానంలోనే. ముందు సీటు నేర్చుకునే కుర్రాడిదో, అమ్మాయిదో. పైలట్ కథ ఎవరు చెప్పినా ఆ ముందు సీటు గురించే చెబుతారు. నాకు మాత్రం వెనక సీటులోని ఇన్‌స్ట్రక్టర్ మీద గౌరవం ఎక్కువ.

విమానం నడపడం ఆయనకు ఎప్పుడో వచ్చు. నేర్పడం వేరే విద్య. దానికోసం తాంబరంలోని ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూల్‌లో మళ్లీ విద్యార్థి అవుతాడు. 1948లో అంబాలాలో మొదలైన బడి అది. చేత్తో చేస్తున్న పనిని అదే క్షణంలో నోటితో వివరించడం అక్కడి సాధన. ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు!

అంతకన్నా కష్టం చేయి ఆపుకోవడం. దిగేటప్పుడు వేగం తగ్గుతోంది, ముక్కు లేస్తోంది. వెంటనే స్టిక్ అందుకుంటే విమానం చక్కగా దిగుతుంది, శిష్యుడికి మాత్రం ఏమీ రాదు. ఆలస్యం చేస్తే ఇద్దరికీ ప్రమాదం. ఎంతసేపు ఆగాలో చెప్పే మీటరు ఏ ప్యానెల్ మీదా లేదు. విమానం స్పిన్‌లో గిరగిరా తిరుగుతూ కిందికి పడుతున్నా, థ్రాటిల్ వెనక్కి, ఎదురు రడ్డర్, స్టిక్ ముందుకు అని నిదానంగా చెప్పే గొంతు ఆయనది.

ఒకరోజు ఆయన ఎక్కడు. శిష్యుడు మొదటిసారి ఒంటరిగా గాల్లోకి లేస్తాడు. తర్వాత కొందరు బీదర్‌లో హాక్ జెట్‌లకు, కొందరు హకీంపేటలో హెలికాప్టర్లకు వెళ్లిపోతారు. ఆయన కొత్త బ్యాచ్‌కు సీటు పట్టీలు బిగించుకోవడం దగ్గర్నుంచి మొదలుపెడతాడు.